కొండ లేని గిరిజనులు, కొలతకందని పిల్లలు

గిరిజన సంక్షేమం అనగానే ప్రభుత్వానికీ, చదువుకున్న పెద్దలకీ ముందు గుర్తుకొచ్చేది ఏజెన్సీ. రంపచోడవరం, పాడేరు, సీతంపేట, శ్రీశైలం పేర్లు చెబుతారు. మలికిపురం పేరు ఎవరూ చెప్పరు. కొబ్బరి తోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు, గ్యాసు బావులు వున్న ఈ తీరప్రాంతంలో గిరిజనుల ప్రసక్తి ఏమిటని ఎదురు ప్రశ్నించేవాళ్ళే ఎక్కువ.

అయితే కోనసీమ ఊళ్ళ అంచుల్లో, కాలవ గట్ల మీద ఎరుకల, యానాది కుటుంబాలు అక్కడ నాలుగు, ఇక్కడ ఆరు చొప్పున బతుకుతూనే వున్నాయి. షెడ్యూల్డు తెగల జాబితాలో వీళ్ళ పేర్లున్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద యానాదులు అయిదు లక్షల పైన, ఎరుకలవారు అయిదు లక్షల పైన వున్నారు. ఇది చిన్న సంఖ్యేమీ కాదు. కాని ఏ ఒక్క మండలంలో చూసినా గుప్పెడు మందే. ఆ గుప్పెడు మంది పిల్లల తిండి, బడి, యువకుల పని, తల్లిదండ్రుల జాగా ఎవరు చూడాలన్నదే ఈ వారం మేము పాఠకుల ముందు పెడుతున్న ప్రశ్న.

కొండకు కట్టిన యంత్రాంగం

అసలు “గిరిజనుడు” అనే మాటలోనే ఒక చిక్కుంది. గిరి మీద వుండేవాడు గిరిజనుడు. మరి గిరి లేనివాడో? మాటకు తగ్గట్టే యంత్రాంగం కూడా కొండ చుట్టూ కట్టారు. అయిదవ పంచవర్ష ప్రణాళిక (1974–79) కాలంలో గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది. దాని కింద సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, అంటే ఐ.టి.డి.ఎ.లు వచ్చాయి. ఒక ప్రాజెక్టు అధికారి, ఆయన కింద చదువు, వైద్యం, వ్యవసాయం, రోడ్లు. ఒకే కప్పు కింద అన్నీ చూడాలనేది ఆలోచన. ఆలోచన మంచిదే. దాని అమలు ఎంత లోపభూయిష్టంగా వుందో ఏజెన్సీ ప్రజలే చెబుతారు. అయినా అక్కడ కనీసం తలుపు తట్టడానికి ఒక తలుపుంది.

మైదానంలో ఆ తలుపు కూడా లేదు. యానాదుల కోసం నెల్లూరు కేంద్రంగా ఒక ఐ.టి.డి.ఎ. ఏర్పడింది గాని, గోదావరి డెల్టాలో చెదిరి వున్న కుటుంబాలకు అది అందేది కాదు. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా వున్నన్నాళ్ళూ రంపచోడవరం, మలికిపురం ఒకే కలెక్టరు కిందన్నా వుండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కోనసీమ ఒక జిల్లా అయింది, రంపచోడవరం వేరే జిల్లాలోకి పోయింది. గిరిజనుల పని తెలిసిన ఆఫీసు, సిబ్బంది, అనుభవం కొండల పక్కనే వుండిపోయాయి. కోనసీమకు మిగిలింది ఇతర శాఖల మధ్య ఒక మూలనున్న చిన్న విభాగం మాత్రమే. మలికిపురం నుంచి కాయితం పట్టుకుని బయలుదేరిన ఎరుకల మనిషికి రాజోలులో ఒక మాట, అమలాపురంలో ఒక మాట. “మా పరిధి కాదు” అన్న జవాబు వినడానికి ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ ఖర్చు.

లెక్కకు వస్తారు, ఖర్చుకు రారు

చెదిరి వున్న తెగల కోసం ప్రభుత్వం ఏమీ ఆలోచించలేదని అనడం లేదు. ఆరవ ప్రణాళిక కాలంలో “మాడా” పేరుతో ఒక పద్ధతి పెట్టారు. పదివేల జనాభా వున్న ప్రాంతంలో సగం మంది షెడ్యూల్డు తెగలవాళ్ళయితే దానికి ప్రత్యేక నిధులు. తర్వాత ఏడవ ప్రణాళికలో “క్లస్టరు” అన్నారు. అయిదువేల జనాభా, అందులో సగం. మెట్టు కొంచెం దించారు. కాని కోనసీమలో ఊరికి పది గడపలున్న యానాదులు ఆ మెట్టు ఏనాడు ఎక్కగలరు? పదివేలకు సగమన్నా, అయిదువేలకు సగమన్నా వాళ్ళకు ఒక్కటే. మిగిలినవాళ్ళకు “చెదిరిన గిరిజనులు” అని పేరు పెట్టారు. పేరయితే పెట్టారు గాని, ఆ పేరుకు ఒక కార్యాలయాన్నీ, బాధ్యుణ్ణీ పెట్టలేదు.

ఇక్కడొక సంగతి రైతు, కూలి సోదరులు బాగా గమనించాలి. 2013లో ఉద్యమాల ఫలితంగా ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ళ గడువు ముగిసే వేళ 2023లో దాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. రాష్ట్ర జనాభాలో తెగల వాటా ఎంతో, ప్రణాళిక నిధుల్లో కూడా వాటా అంత వుండాలన్నది దాని సారాంశం. విభజన తర్వాతి రాష్ట్రంలో ఆ వాటా 2011 లెక్కల ప్రకారం 5.53 శాతం. ఈ 5.53లో మలికిపురం ఎరుకల బిడ్డ తల కూడా కలిసే వుంది. నిధులు తెచ్చేటప్పుడు ఆ తల లెక్కకు వస్తుంది. పంచేటప్పుడు మాత్రం “ప్రాంతం” అనే కొలబద్ద తీస్తారు. ఆ కొలబద్దలో ఈ బిడ్డ కనపడదు.

అందుచేత “కొద్దిమంది కోసం అంత ఖర్చా?” అని అడిగేవాళ్ళకు మా జవాబు ఇది: కొత్త ఖర్చు ఎవరూ అడగడం లేదు. వాళ్ళ పేరున వచ్చిన పైకం వాళ్ళ గడపకు చేరాలంటున్నాం. ఏజెన్సీ వాటాలో కోసి మైదానానికి పెట్టమని కూడా కాదు. పోలవరం ముంపులో ఊళ్ళు వదిలిన కొండరెడ్డి, కోయ కుటుంబాల పునరావాసమే సరిగా జరగలేదు. పేదవాడికీ పేదవాడికీ తగువు పెట్టి తమాషా చూడడం పాలకవర్గాలకు కొత్త విద్య కాదు. ఆ వలలో మనం పడకూడదు.

పాత “సంస్కరణ” నేర్పిన పాఠం

తెగల పిల్లలకు, యువకులకు, కుటుంబాలకు కలిపి ఒక కార్యక్రమం నడపడం స్వతంత్ర ప్రభుత్వం కొత్తగా కనిపెట్టింది కాదు. తెల్లదొరలు మొదలుపెట్టిందే. కాకపోతే దానికి పేరు “సంస్కరణ”. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఉప్పు, ధాన్యం ఎడ్లమీద వేసుకుని తిరిగి బతికిన ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలన్నారు. 1913–14 ప్రాంతాల బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే మిషనరీ సంస్థకు అప్పగించారు. హాజరు పలకాలి, సెలవు చీటీ లేకుండా గడప దాటకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టమే ఇచ్చింది.

ఇంత సంస్కరణ ఎవరికి లాభించింది? చీరాలలో పొగాకు కంపెనీకి చవగ్గా కూలీలు దొరికారు. తప్పించుకుపోలేని కూలీలు, ఎక్కువ అడగలేని కూలీలు. పేరుకు అది కుటుంబ సంక్షేమం, జరిగింది శ్రమ దోపిడీ.

నెల్లూరు ప్రాంతంలో యానాదుల మధ్య జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారి పోరాటం వల్ల ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయింది గాని మచ్చ పోలేదు. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళ నిబంధనల్లో కులాన్ని బట్టి పని పంచడాన్ని కొట్టివేస్తూ, విముక్త జాతులవాళ్ళను అలవాటు నేరస్థులుగా చూసే రాతలను కూడా తప్పు పట్టింది. రద్దయిన డెబ్బై రెండేళ్ళకు కూడా ఆ మాట కోర్టు చెప్పవలసి వచ్చిందంటే మచ్చ ఎంత లోతున దిగిందో తెలుస్తోంది. ఊళ్ళో చిన్న దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె వైపు చూపుడు వేలు తిరుగుతుందో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

కార్యక్రమం ఎంత మంచిదైనా, దాన్ని నడిపేవాడు వేరు, దానికింద వుండేవాడు వేరు అయినప్పుడు అది కాపలాగా మారుతుంది. స్టూవర్టుపురం మనకు నేర్పే పాఠం ఇదే.

అంగన్‌వాడీ గడప దగ్గర

ఇప్పుడు పిల్లల సంగతి చూద్దాం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. అదే మన ఊళ్ళ అంగన్‌వాడీ. నాలుగొందల నుంచి ఎనిమిదొందల జనాభాకు ఒక కేంద్రమని నియమం. గిరిజన, కొండ ప్రాంతాలకు ఆ సంఖ్య తగ్గించారు. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు మరో మెట్టు దించి, ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది వున్న ఏ పేట అయినా అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలంది. దళిత, గిరిజన పేటలకు ముందు ఇవ్వాలంది. మంచి తీర్పు. కాని పది గడపల పేటలో ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది ఎక్కడినుంచి వస్తారు? మళ్ళీ అదే తలల లెక్క.

కాబట్టి ఈ పిల్లలు పెద్ద ఊరి కేంద్రానికే వెళ్ళాలి. వెళ్ళాలంటే కాలవ దాటాలి, లేదా రోడ్డు దాటాలి. తల్లి నాట్లకో కలుపుకో తెల్లవారకముందే పోతుంది, కేంద్రం తీసేది తొమ్మిదింటికి. మధ్యలో ఆ బిడ్డను ఎత్తుకునేది ఎనిమిదేళ్ళ అక్క. అక్క బడి మానేస్తే తప్ప తమ్ముడికి గుడ్డు దొరకదు! ఇది ఎరుకల, యానాది ఇళ్ళకే పరిమితం కాదు, దళిత పేటలోని వ్యవసాయ కూలి తల్లి గతి కూడా ఇదే. అందుకే దీన్ని ఒక తెగ సమస్యగా గాక వ్యవసాయ కార్మికుల సమస్యగా చూడాలంటున్నాం.

మరి కేంద్రాన్ని నడిపే టీచరమ్మ సంగతేమిటి? 2018 అక్టోబరు నుంచి ఆమె వేతనంలో కేంద్ర ప్రభుత్వపు లెక్క 4,500 రూపాయలు. రాష్ట్ర వాటాతో కలిపి 2019లో 11,500 అయింది. జీతమని కూడా అనరు, “గౌరవ వేతనం” అంటారు. 2023 డిసెంబరు 12న రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. కనీస వేతనం కావాలి, గ్రాట్యుటీ కావాలి అన్నారు. గ్రాట్యుటీకి వాళ్ళు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. ప్రభుత్వం 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. అయినా ఆడవాళ్ళు వెనక్కి తగ్గలేదు. 42 రోజులు నిలబడ్డారు.

ఆ రోజుల్లో కొందరు “పిల్లలకు తిండి ఆగిపోయిందే” అని బాధపడ్డారు. బాధ పడవలసిందే. అయితే టీచరమ్మకు గ్యారంటీ లేనప్పుడు పిల్లవాడి గ్లాసెడు పాలకు గ్యారంటీ ఎక్కడిది? పేటకు వెళ్ళి పేరు పేరునా పిల్లల్ని పిలుచుకు రావలసిన మనిషికి యాప్‌లలో ఫోటోలు ఎక్కించడానికే పొద్దు సరిపోతుంటే, కాలవ గట్టు పేట ఆమెకు ఎప్పుడు గుర్తుకొస్తుంది?

బడి, ధ్రువపత్రం, యువకుడు

పిల్లవాడు బడికి వచ్చాడనుకుందాం. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకు తరలించారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. మధ్యలో గడిచిన మూడేళ్ళలో దూరపు బడికి పోలేక ఆగిపోయిన బిడ్డను ఏ జీవో వెనక్కి తెస్తుంది? రద్దు చేసిన ప్రభుత్వం ఆగిపోయినవాళ్ళ జాబితా కూడా తయారు చెయ్యాలి గదా!

పై చదువుకు పోదామంటే కుల ధ్రువపత్రం కావాలి. దొంగ ధ్రువపత్రాలు ఆపడానికి 1993లో 16వ నెంబరు చట్టం తెచ్చారు. అవసరమే, ఎందుకంటే గిరిజనుల ఉద్యోగాలు గిరిజనేతరులు కాజేసిన ఉదంతాలు కొల్లలు. కాని ఆచరణలో ఏమవుతున్నది? మోసగాడు కాయితాలన్నీ సవ్యంగానే తెస్తాడు. గట్టు మీద పుట్టి, ఆసుపత్రి మొహం చూడని యానాది కుర్రవాడి దగ్గర పుట్టిన తేదీ కాయితం కూడా వుండదు. తండ్రి బడికి పోలేదు గనక తండ్రి కులం రాసిన రికార్డూ వుండదు. చదువు లేదు గనక ధ్రువపత్రం లేదు, ధ్రువపత్రం లేదు గనక చదువు లేదు. గానుగెద్దు తిరిగినట్టు తరాలు ఇందులోనే తిరుగుతున్నాయి.

మలికిపురంలో డిగ్రీ కాలేజీ వుంది. ఎక్కడెక్కడి రైతుబిడ్డలో అక్కడ చదువుకుని పైకొచ్చారు. అదే మండలంలోని ఎరుకల, యానాది యువకుల్లో ఆ గేటు దాటినవాళ్ళు ఎంతమందో కళాశాల, రెవెన్యూ, సంక్షేమ శాఖలు కలిసి కూర్చుంటే ఒక్క పూటలో లెక్క తేలుతుంది. అడిగేవాళ్ళు వుండాలి అంతే.

మెతుకు పోయిన చోట

ఇంతకూ ఈ కుటుంబాలు చేసే పనికి ఏమయింది? వరిచేలో ఎలుకలు పడితే యానాది వచ్చి బుట్టలు పెట్టేవాడు. రైతు పంట దక్కేది, అతనికి గింజలు దక్కేవి. మురుగు కాలవల్లో, చెరువుల్లో చేపలు, పీతలు పట్టుకుని అమ్ముకునేవాళ్ళు. ఎరుకల ఆడవాళ్ళు వెదురు తట్టలు, చేటలు, గంపలు అల్లి ఇంటింటికీ ఇచ్చేవాళ్ళు. రైతు, ఎరుక, యానాది, ముగ్గురి బతుకూ వరిచేను చుట్టూ అల్లుకుని వుండేది. ఆ అల్లికలో అణచివేత లేదని మేము అనడం లేదు. కాని మెతుకు మాత్రం వుండేది.

వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. తీరంలో విచ్చలవిడి రొయ్యల సాగు మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం చేసి ఆ సాగుకు తిరిగి దారి ఇచ్చింది. ఉప్పునీరు తోటల్లోకి ఎక్కితే కొబ్బరి రైతు ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు పేపర్లకు ఎక్కుతున్నది, మంత్రులు వచ్చి చూస్తున్నారు, మంచిదే. కాని అదే ఉప్పునీటితో కాలవలో చేప పోయిన యానాది ఏడుపు ఎవరి రికార్డులో వుంది? అతనికి చెట్టు లేదు గనక చెట్టు నష్టపరిహారం లేదు. చేను లేదు గనక పంట నష్టం లేదు. చెరువు చుట్టూ కంచె వేశారు గనక చెరువులో చెయ్యి పెడితే దొంగ. ఎరుకలవాళ్ళ తట్ట స్థానంలోకి ప్లాస్టిక్ తట్ట వచ్చింది. వేషం మారింది గాని ఎవరి చేతి పని ఎవరి లాభమవుతున్నదన్న లెక్క మారలేదు.

భూమి చూద్దామా? ఏజెన్సీలో 1959 నాటి 1వ నెంబరు రెగ్యులేషన్, దాన్ని కట్టుదిట్టం చేసిన 1/70 వున్నాయి. గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదు. మైదానంలో ఆ రక్షణ లేదు. ఇక్కడి పేదకు దిక్కు 1977 నాటి 9వ నెంబరు ఎసైన్డు భూముల చట్టమే. దాన్నీ 2023లో సవరించి, పట్టా యిచ్చి ఇరవయ్యేళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. “అమ్ముకునే హక్కు” అని దానికి పేరు. ఆసుపత్రి బిల్లు కోసం, పెళ్ళి అప్పు కోసం అమ్ముకునేవాడికి అది హక్కా? కొనుక్కునేవాడికి హక్కా?

కెనడా నుంచి ఒక మాట

ఇది మన ఒక్కరి కథ కాదు. కెనడాలో ఆదివాసీల పిల్లలు లక్షా యాభై వేలమందిని తరతరాలుగా తల్లిదండ్రుల నుంచి లాక్కుని చర్చిలు నడిపిన వసతి బడుల్లో పెట్టారు. చివరి బడులు 1990ల దాకా నడిచాయి. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2015లో విచారణ సంఘం నివేదిక ఇచ్చింది.

అక్కడే మరో సంగతి జరిగింది. జోర్డాన్ అనే క్రీ తెగ పసివాడు జబ్బుతో ఆసుపత్రిలో వున్నాడు. ఇంటికి పంపవచ్చని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో సంరక్షణ ఖర్చు కేంద్రం పెట్టాలా, రాష్ట్రం పెట్టాలా అని రెండేళ్ళ పైన తగువు పడ్డారు. తగువు తేలకముందే, 2005లో, అయిదేళ్ళ వయసులో ఆ బిడ్డ ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. ఇల్లు ఎట్లా వుంటుందో కూడా వాడికి తెలియదు. ఆ చావు దేశాన్ని కదిలించింది. 2007లో వాళ్ళ పార్లమెంటు ఏకగ్రీవంగా ఒక సూత్రాన్ని ఒప్పుకుంది: ముందు బిడ్డకు కావలసింది ఎవరి తలుపు తట్టితే వాళ్ళు చెయ్యాలి, ఖర్చు ఎవరిదన్న తగువు తర్వాత తేల్చుకోవాలి. 2016లో అక్కడి మానవ హక్కుల ట్రిబ్యునల్, ప్రభుత్వం ఆదివాసీ పిల్లలకు తక్కువ నిధులిచ్చి వివక్ష చూపిందని తీర్పు చెప్పింది. 2019లో పిల్లల, కుటుంబాల సంక్షేమాన్ని ఆదివాసీ సంఘాలే నిర్వహించుకునే హక్కును చట్టం గుర్తించింది. 2024 ఫిబ్రవరిలో వాళ్ళ సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

అక్కడ అన్నీ చక్కబడ్డాయని భ్రమపడనక్కరలేదు. పెట్టుబడిదారీ ప్రభుత్వాలు ఇష్టపడి ఇచ్చినవీ కావు, ఆదివాసీలు కొట్లాడి తెచ్చుకున్నవి. కాని “మా పరిధి కాదు” అన్న మాటకు ఆ సూత్రం గట్టి జవాబు. అది కోనసీమకు కూడా కావాలి.

ఏం చెయ్యాలి?

ఆచరణకు అందని కోర్కెలు మేము పెట్టడం లేదు. ఇప్పుడున్న చట్టాలతో, ఇప్పుడున్న నిధులతో చెయ్యగలిగినవే ఇవి.

1. మండలంలోని ఎరుకల, యానాది తదితర షెడ్యూల్డు తెగల కుటుంబాల జాబితా పేరు పేరునా తయారు చెయ్యాలి. ఆరేళ్ళలోపు పిల్లలెవరు, బడి మానినవాళ్ళెవరు, పని లేని యువకులెవరు, జాగా లేని ఇళ్ళేవి అన్నది గ్రామ సభలో చదివి వినిపించాలి.

2. జిల్లాలో ఒక అధికారిని బాధ్యుణ్ణి చెయ్యాలి. ఎవరి తలుపు తట్టితే వాళ్ళే ముందు పని చెయ్యాలి, పరిధి తగువు తర్వాత.

3. అంగన్‌వాడీకి తలల లెక్కగాక దూరం లెక్క చూడాలి. నాట్ల, కోతల రోజుల్లో తెల్లవారుజామునే కేంద్రం తెరవాలి. అందుకు కార్యకర్తకు, ఆయాకు కనీస వేతనం ఇవ్వాలి.

4. ధ్రువపత్రం కోసం పేదను ఆఫీసు చుట్టూ తిప్పకుండా, రెవెన్యూ సిబ్బందే పేటకు వచ్చి విచారణ చేసి ఇవ్వాలి.

5. ఇళ్ళ స్థలాలకు పట్టాలు ఇవ్వాలి. మురుగు కాలవల్లో, పంచాయతీ చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు పాటదారులకంటే ముందు వీళ్ళకివ్వాలి.

6. కార్యక్రమాల్ని నడిపే కమిటీల్లో ఆ కుటుంబాలవాళ్ళే వుండాలి. సగం మంది ఆడవాళ్ళయి వుండాలి. ఎరుకల యువతి చదువు చెప్పే చోట ఎరుకల బిడ్డ కాలు పెట్టడానికి జంకదు.

7. ఉప ప్రణాళిక నిధుల్లో మండలానికి ఎంత వచ్చింది, ఏ గడపకు చేరింది అన్నది పంచాయతీ గోడ మీద రాయాలి.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. పది గడపల మనుషులు ఒంటరిగా అడిగితే వాళ్ళ గొంతు అమలాపురం దాకా వినపడదు. దింపు కార్మికుడు, ఒలుపు కార్మికుడు, కౌలు రైతు, నాట్ల కూలి, అంగన్‌వాడీ టీచరమ్మ పక్కన నిలబడితే వినపడుతుంది. ఉప్పునీటి మీద కొబ్బరి రైతు చేసే పోరాటంలో యానాది కోర్కె కూడా ఒక వాక్యం కావాలి. మురుగు కాలవ బాగుపడితే ఇద్దరికీ మేలే గదా!

ఈ జిల్లా డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టుకుంది. ఆ పేరు కోసం 2022 మే నెలలో అమలాపురంలో ఎంత అల్లరి జరిగిందో, ఎవరి ఇళ్ళు తగలబడ్డాయో పాఠకులు మరిచిపోలేదు. బోర్డు మీద పేరు నిలిచింది. ఇక ఆ బోర్డు వున్న ఆఫీసు తలుపు ఎరుకల తల్లి తట్టినప్పుడు “ఇది మా పరిధి కాదు” అనకుండా వుండాలి. అంతవరకూ రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు ఆమె పక్కనే నిలబడి తలుపు తట్టవలసి వుంటుంది.